జర ఫ్యాన్ బంద్ జెయ్యి బిడ్డ

నాచారంల ఉన్నప్పటి మా పక్కింటి మామ పోయిండని ఫోనొచ్చిందని మొన్న పొద్దున ఎస్టీడీ బూతాయన వచ్చి చెప్పిండు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగాల భయమైంది. ఆ ఇంట్ల అడుగు పెట్టాలంటే నాకు ఎప్పుడూ గుండె దడే.

మామ రైల్వేల గూడ్స్ క్లర్కు చేసి రిటైరైండు. చర్చికి వచ్చిన ఒక సిస్టరమ్మ ఇచ్చిపోయిన బెల్జియం స్టాంపుల మూటనే ఆయన లోకం. నేను మందుల కంపెనీల డ్యూటీ దిగి పోతే తలుపు కాడనే అంటుండె: "జర ఫ్యాన్ బంద్ జెయ్యి బిడ్డ. ఊపిరి గూడ మెల్లగ తీసుకో." ఎండకాలంల చెమటలు కారినా బిగవట్టుకొని కూసుందును. నేను తుమ్మితే స్టాంపులు ఎగురుతయి, ఆయన పానం గూడ ఎగురుతదని నా భయం.

స్టాంపు అచ్చయినంక దాని మీద మళ్ళ కొట్టిన ముద్రల్ని గుర్తువట్టుడు ఆయనే నేర్పిండు. కొన్నిటికి కవరుకు అంటియ్యకముందే పోస్టోళ్ళు ముద్ర కొడ్తరట. ఊరి పేరో, సింహమో, పాతకాలం పోస్టోళ్ళు ఊదే బూరనో ఉంటది. "ముందు సూడు, తర్వాత చెప్పు. తెల్వకపోతే తెల్వదను," అనేటోడు.

ఒక దినం సింహం ముద్రను పట్టుకొని "బూర" అన్నడు. నేను నవ్విన. ఆయన నవ్వలే. ఇంకో సింహం ఇస్తే అది గూడ బూరేనన్నడు. మనిషి సూసి చెప్తలేడు, అందాజతోని చెప్తున్నడు.

"మోతిబిందు ముదిరింది బిడ్డ. అత్తకు చెప్పకు. ఆపరేషన్ల ఉన్న సూపు గూడ పోతే?" అన్నడు, గొంతు తగ్గించి.

ఆ సాయంత్రమే అత్తకు చెప్పిన. ఆయన కోపానికన్న ఆయన చీకటికి ఎక్కువ భయపడ్డ. మామ నాతోని మాట బంద్ జేసిండు, కానీ ఆపరేషన్‌కు ఒప్పుకున్నడు.

దవాఖానా వరండల అత్త ప్రార్థన చేస్తుంటే, నేను అత్తనడిగి మామ మూటలకెళ్ళి తీసుకున్న ఒక స్టాంపును పర్సుల పెట్టుకొని కూసున్న. ఎర్ర స్టాంపు, మీద నల్ల ముద్ర. మామ ఎన్నడూ గుర్తువట్టని ముద్ర అది. "ఏదో పిట్ట" అని పక్కన పెడ్తుండె.

కొత్త అద్దాలు వచ్చిన దినం అదే ఆయన ముందట పెట్టిన. చానసేపు సూసిండు.

"పిట్ట గాదు బిడ్డ. రెక్కల చక్రం. బెల్జియమోళ్ళ రైల్వే ఆఫీసు ఉత్తరాలకు కొట్టిన ముద్ర. ఇన్నేండ్లు రైల్వే ఉప్పు తిని దీన్నే గుర్తువట్టకపోతి," అని కండ్లు తుడుసుకున్నడు. డాక్టరు కండ్లు ముట్టొద్దన్నడు గదా అని అత్త ఒకటే తిట్టుడు. నాకు ఆ తిట్లు వినుడు ఎంత నిమ్మళమో.

మొన్న నేను పోయేసరికి ముందటి అర్రల ఆయనను పండవెట్టిన్రు. పైన ఫ్యాన్ జోరుగ తిరుగుతుంది. ఎవ్వరినీ అడగకుంట స్విచ్చి ఆపిన.

"గింత ఉక్కల ఎందుకమ్మా?" అన్నరెవరో.

"ఉండనియ్యి," అన్నది అత్త.

రెక్కలు మెల్లగయినయి, ఒక్కొక్కటి కండ్లకు కనవడ్డది. అవి ఆగేదాక నేను ఊపిరి తీసుకోలే.