వైహో నది తగ్గిన రోజు

2007లో నేను న్యూజీలాండ్ పశ్చిమ తీరాన, ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం దగ్గర గైడ్‌గా పని చేసేదాన్ని. చదువుకోసం ఆక్లాండ్ వచ్చి, చివరికి ఆ చలిలో తేలాను. అక్కడి వైహో నది మంచు కింద పుట్టి, కాసేపటికే సముద్రంలో కలిసిపోతుంది. పొట్టిదే కానీ మహా పెంకిది. అది బయటికొచ్చే మంచు గోడను మేము టెర్మినల్ ఫేస్ అంటాం. దానికి చాలా ఇవతలే తాడు కడతాం. తాడు దాటకూడదు. ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఆ రోజు ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్ నుంచి ప్రసాద్ గారు వాళ్ళ అత్తగారిని తీసుకొచ్చారు. అన్నపూర్ణ ఆంటీది రాజమండ్రి. చేతిలో పసుపు కుంకుమల పొట్లం.

“కొత్త నదిని చూసి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోకుండా ఎలా వెళ్తానమ్మా?”

“ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకోండి ఆంటీ. మంచు విరిగి పడుతుంది.”

“ఒక్క నిమిషమే కదండీ,” అన్నారు ప్రసాద్ గారు, వీడియో కెమెరా దించకుండా. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకెవరో ఏదో అడిగితే అటు తిరిగాను. ఉన్నట్టుండి నది హోరు తగ్గింది. నీళ్ళు లాగేసి రాళ్ళు బయటపడ్డాయి.

“చూశావా, గంగమ్మ దారిచ్చింది!” అంటూ ఆంటీ తాడు కిందనుంచి దూరి వెళ్ళిపోయారు.

నీళ్ళు అలా తగ్గాయంటే పైన మంచు విరిగి ప్రవాహానికి అడ్డుపడిందన్నమాట. వెనక నిండిన నీరంతా ఒక్కసారిగా తెంచుకొస్తుంది. దాన్నే సర్జ్ అంటాం. పరుగెత్తి ఆవిడ జబ్బ పట్టుకుని ఈడ్చాను.

“వదులమ్మా, చెయ్యి విరుగుతుంది!”

“విరిగితే కట్టు కట్టిస్తాను, రండి!”

గట్టెక్కామో లేదో, బీరువాలంత మంచు గడ్డలతో బూడిదరంగు నీరు విరుచుకుపడింది. ఆవిడ నిలబడ్డ చోటు మునిగిపోయింది. భయమంతా కోపమై అత్తనూ అల్లుణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టాను. ప్రసాద్ గారి కెమెరా అప్పటికి దిగింది.

ఆంటీ నీళ్ళకేసి తిరిగారు. “దారి నాకివ్వలేదమ్మా,” అన్నారు మెల్లగా. “తనకే చేసుకుంది.”

నేను ఎంత చెప్పినా ఎక్కనిది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పట్నుంచి మనవాళ్ళు ఎవరొచ్చినా, మంచు సంగతి తర్వాత, ముందు ఆ మాటే చెప్పేదాన్ని. చెప్పి ఊరుకోలేదు, పెద్దవాళ్ళుంటే చెయ్యి పట్టుకునే నడిపించాను.