ట్రంకు పెట్టెలో సూది మందు

మొన్న ఆదివారం తెల్లవారుతుండగా మా అత్తగారు కన్నుమూశారు. జ్వరం ఊపిరితిత్తులకెక్కింది. నందిగామ నుంచి డాక్టరుగారు వచ్చి చూసినా లాభం లేకపోయింది. పలకరింపుకు వచ్చినవాళ్ళలో చాలామంది నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగింది ఒకటే: "ఆ సూదుల వల్లేనా?"

కాదు. ఆ సూదుల వల్లే ఆవిడ ఇన్నేళ్ళు మా మధ్య తిరిగారు. అది చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అడిగినవాళ్ళ మీద నాకు కోపం లేదు. అనుమానం అంటే ఏమిటో నేను ఆవిడ దగ్గరే చూశాను.

పాలవాడు చెంబు దించగానే బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని, నిలుస్తుందో జారుతుందో చూసేవారు. జగ్గయ్యపేట బజారులో చీర కొంటే, దాన్ని కొట్టు బయటికి తెచ్చి ఎండలో రంగు చూడందే కొనేవారు కాదు. "నమ్మడానికి తొందరేముందే, రేపైనా నమ్మొచ్చు. ముందు చూడనీ" అనేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్నూ అలాగే చూశారు.

షుగరని తేలాక డాక్టరుగారు మాత్రలు ఇచ్చారు. అప్పటికి అవి కొత్తగా వచ్చాయి. కొన్నేళ్ళు బాగానే గడిచింది. తర్వాత మిరపతోటలో కాలికి దిగిన ముల్లు పుండయింది. ఎన్ని కట్లు కట్టినా మానలేదు. మనిషి చిక్కిపోయారు. చెంబుడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. మాత్రలు పెంచి చూసి, చివరికి డాక్టరుగారు చెప్పేశారు.

"ఇక మాత్రలతో కాదమ్మా. ఇన్సులిన్ మొదలుపెట్టాలి. రోజూ సూది."

"మాత్రలు పనిచేయడం మానేశాయా, మీరు మంచివి ఇవ్వడం మానేశారా?"

డాక్టరుగారు నొచ్చుకోలేదు. "మాత్ర చేసేదల్లా మీ ఒంట్లో ఉన్న మందును తట్టి లేపడమే. లోపల ఆ సరుకే తగ్గిపోయింది. ఇక బయటినుంచి పోయాల్సిందే. లేకపోతే ఈ కాలు దక్కదు."

"మా అన్నకీ సూదే వేశారు. నెల తిరక్కుండా పోయాడు."

"ఆయనకు ఆలస్యంగా వేసుంటారు."

"అట్టా అని మీరంటున్నారు" అని లేచారు.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం, నా వైపు చూడకుండానే అడిగారు. "నిజంగా కాలు తీస్తారంటావా?"

"తీస్తారనే భయంగా ఉందండి అత్తయ్యా."

మళ్ళీ లోపలికి నడిచారు.

మావారు సూది చూస్తేనే మొహం తిప్పుకునేవారు. అందుకని డాక్టరుగారు బత్తాయికాయ మీద నాకే నేర్పారు. కోడలి చేతి సూదికి అత్తగారు ఒప్పుకున్నారుగానీ ఒక షరతు పెట్టారు. మందు సీసా ఆవిడ ట్రంకు పెట్టెలోనే ఉండాలి. తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉండాలి. డాక్టరుగారు చల్లటి చోట పెట్టమన్నారని గుర్తుచేస్తే, "పెట్టెలో ఎండ పడదుగా" అన్నారు.

చలికాలం కావడంతో మొదట్లో గుణం కనిపించింది. మూత్రపు చుక్కలు నీలం మందులో వేసి కాస్తే, చక్కెర ఎక్కువుంటే ఇటుక రంగు వస్తుంది, లేకపోతే నీలంగానే ఉంటుంది. మాకు ఆకుపచ్చదాకా దిగింది. పుండు ఎండుతోంది. ఎండలు ముదిరేసరికి మళ్ళీ ఇటుక రంగు! పుండు చెమ్మగిల్లింది.

ఆవిడ బెల్లం తింటున్నారని నా అనుమానం. నేను మందు తగ్గించి ఎక్కిస్తున్నానని ఆవిడ అనుమానం. బెల్లం డబ్బా మీద నా కన్ను, సిరంజి మీద ఆవిడ కన్ను. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడే తేల్చారు.

"అమ్మాయ్, ఇవ్వాళ పొద్దుగూకేదాకా నువ్వు నా కళ్ళ ముందుండు, నేను నీ కళ్ళ ముందుంటా. నువ్వు పెట్టిందే తింటా. నేను చూస్తుండగానే సూది వెయ్యి."

అలాగే ఉన్నాం. దొడ్లోకి వెళ్ళినా ఇద్దరం కలిసే వెళ్ళాం. సాయంత్రం నీలం మందు కాచాం. ఇటుక రంగే. ఆవిడ ఆ గాజుగొట్టాన్ని దీపం దగ్గర పెట్టి చూశారు.

"నువ్వూ కాదు, నేనూ కాదు. ఇక మిగిలింది ఆ సీసా."

మర్నాడు మొదటి బస్సుకే నందిగామ వెళ్ళి, సీసా డాక్టరుగారి బల్ల మీద పెట్టారు. "దీని సంగతి చూడండి."

"ఎక్కడ పెడుతున్నారమ్మా దీన్ని?"

"నా ట్రంకు పెట్టెలో. తాళం వేసి."

"ఆ పెట్టె ఎక్కడుంటుంది?"

ఆవిడ చూపు సీసా మీద పడింది. నేనే చెప్పాను. "రేకుల గదిలోనండి."

డాక్టరుగారు సీసాను పక్కకు జరిపారు. "ఈ ఎండల్లో, రేకుల కింద, ఇనప్పెట్టెలోనా? మందు ఉడికిపోయుంటుందమ్మా. అందులో ఇక బలం లేదు."

తిరుగు బస్సెక్కాం. చిల్లకల్లు దగ్గర బస్సు పెద్ద రోడ్డు వదిలి జగ్గయ్యపేట వైపు తిరిగాక మెల్లగా అన్నారు. "ఊరందర్నీ అనుమానించా. నా పెట్టెను మాత్రం అనుమానించలా."

కొత్త సీసా వచ్చాక, ఏమీ చెప్పకుండా వంటింట్లో తడి ఇసుక పోసిన కుండలో దాన్ని ఆవిడే దింపి, మీద మూకుడు మూశారు. తొలకరి పడేనాటికి పుండు మానింది. ఆవిడ తన కాళ్ళతో తోటకు నడిచి వెళ్ళారు.

మా కోడలి చెయ్యి తేలికని ఆవిడ పక్కింటివాళ్ళతో అనేవారట. నాతో ఎప్పుడూ అనలేదు. నాకు గుర్తుండిపోయింది వేరు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఎడమ చెయ్యి వెనక్కి నా వైపు చాచి, మొహం వీధి వైపు పెట్టి వంకాయలమ్మే మనిషితో తగవులాడుతుండేవారు. "ఆ తక్కెడ కాస్త పైకెత్తు, నీ చిటికెన వేలు ఎక్కడుందో చూడనీ!" నేను సూది వేసి, దూదితో అద్ది, లోపలికి వెళ్ళబోతూ చూస్తే, ఆ చెయ్యి ఇంకా అలాగే నా వైపు చాచి ఉండేది.