పక్కవాళ్ళకు వినిపించని గిటారు

2005 సెప్టెంబరులో నన్ను దుబాయ్‌లో మా కంపెనీ సంగీత వాద్యాల విభాగానికి ఇవాల్యుయేటర్‌గా వేశారు. దిగుమతి చేసుకోబోయే పరికరాన్ని ముందుగా పరీక్షించి, కొనవచ్చో కూడదో ముదీర్‌కు చెప్పడం ఆ ఉద్యోగం. ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్ లెబనాన్ మనిషి, మంచివాడే గానీ ఓపిక తక్కువ. అంతకుముందు నేను టీవీలు, స్టీరియోలు బాగుచేసే సర్వీసు ఇంజనీర్ని. గిటారు పట్టుకోవడం కూడా రాదు. ఆ సంగతి ముదీర్‌కు చెబితే, వాయించేవాడు వేరే ఉన్నాడు, నువ్వు విను చాలు అన్నాడు.

ఆ వాయించేవాడు ప్రభుదాసు. ఒంగోలు కుర్రాడు, షోరూములో డెమాన్‌స్ట్రేటర్. కొనడానికి వచ్చినవాళ్ళకు వాయించి చూపించడం అతని పని. శుక్రవారం చర్చిలోనూ గిటారు అతనిదే. నాతో పరిచయమైన రోజే అన్నా అని వరస కలిపేశాడు.

మా విభాగం పరిస్థితి అప్పుడేం బాగాలేదు. ఏడాది ముందు తెప్పించిన పెద్ద కీబోర్డులు ఊరికి దూరంగా జెబెల్ అలీ రేవు దగ్గరున్న మా గోడౌనులో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. అందుకని ముదీర్ మొదటి సమావేశంలోనే తేల్చి చెప్పాడు. శీతాకాలం సేల్‌కు ఒక గిటారు పెడల్ తెప్పిద్దాం, అది అమ్ముడుపోతే విభాగం ఉంటుంది, లేదంటే ఖలాస్. మూర్తీ, నువ్వూ ప్రభుదాసూ జెబెల్ అలీకి వెళ్ళి వాషింగ్ మెషీన్ల స్టాకు చూసుకుంటారు. బయటికి రాగానే ప్రభుదాసు తన వేళ్ళు చూసుకుని, “వీటితో డబ్బాలు మొయ్యమంటాడా అన్నా?” అన్నాడు. నవ్వాడు గానీ మొహంలో రంగు లేదు.

మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అంటే నేల మీద పెట్టి కాలితో నొక్కే పెట్టె. గిటారు శబ్దాన్ని గరగరలాడించడం, ప్రతిధ్వని కలపడం, గుహలో వాయించినట్టు చేయడం, ఇలాంటివన్నీ అదొక్కటే చేస్తుంది. మా ముందుకు రెండు నమూనాలు వచ్చాయి. ఒకటి ఇనుప ఒంటిది, మీట మీద మీట, దీపాల మీద దీపాలు. రెండోది ప్లాస్టిక్‌ది, టిఫిన్ క్యారేజీ మూత కంటే కాస్త పెద్దది. ఇంట్లో సాధన చేసుకునేవాళ్ళకు, కంప్యూటర్‌లో పాట రికార్డు చేసుకునేవాళ్ళకు అమ్మాలని ఆలోచన. ముదీర్ మనసు మాత్రం చూడగానే ఇనుపదాని మీద పడింది. నిజం చెప్పాలంటే నా మనసూ అంతే.

పరీక్ష మొదలుపెట్టే వేళకు రంజాన్ నెల వచ్చింది. ఆ నెలలో షోరూములో ఆంప్లిఫైయర్ పెట్టి గిటారు మోగించరు. ముదీర్ తలపట్టుకున్నాడు. ఆఫీసు వేళలు కూడా తగ్గాయి కాబట్టి, రెండు పెడళ్ళూ మా ఇంటికి తీసుకుపోయి హెడ్‌ఫోన్స్‌తోనే పరీక్షిస్తానని అడిగాను. యల్లా, కానియ్, ఏదో ఒకటి చెయ్యి అన్నాడు.

మా ఇల్లు షార్జాలో, రోలా అనే పేటలో. ఆ ఫ్లాట్లలో గోడ ఉందంటే ఉంది, లేదంటే లేదు. పక్కింటాయన తుమ్మితే మా ఆవిడ చిరంజీవ అనేది. ప్రభుదాసు ఆ వీధిలోనే ఒక గదిలో మరికొందరితో ఉండేవాడు. వాళ్ళలో ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీ దిగి నిద్రపోతూ ఉంటారు కాబట్టి, అక్కడ గిటారు సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. మధ్యాహ్నం పూట మా ఇంటికి వచ్చి, మా ఆవిడ పెట్టిన పులిహోర తిని, వాయించడానికి కూర్చున్నాడు.

పద్ధతి ప్రకారమే వెళ్ళాం. ముందు తీగ మీటకుండా వట్టి హోరు ఎంతుందో విన్నాం. తర్వాత ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి మారేటప్పుడు మధ్యలో తెగుతోందా అని చూశాం. ఆ రెండు పరీక్షల్లోనూ ఇనుపదే గెలిచింది. చివర ఇనుపదానిలోనే గరగర శబ్దం పెట్టి ప్రభుదాసు గట్టిగా మీటగానే ఇద్దరం ఒకేసారి హెడ్‌ఫోన్స్ లాగేశాం. చెవిలో ఈగల గుంపు దూరినట్టుంది. అనుమానం తీరక మా ఆవిడకు పెట్టి వినిపించాను. “ఏవండీ, పోపు మాడుతున్నట్టుందేంటండీ!” అంది.

కారణం కనుక్కోవడం కష్టం కాలేదు. గిటారు ఆంప్లిఫైయర్ స్పీకరు, పైస్థాయిలో ఉండే కీచుదనాన్ని తనే మింగేస్తుంది. హెడ్‌ఫోన్స్‌కో కంప్యూటర్‌కో నేరుగా కలిపితే మింగే నాథుడుండడు. ఆ పని పెడలే చేయాలి. దాన్ని స్పీకర్ సిమ్యులేషన్ అంటారు. ఇనుపదానిలో ఆ ఏర్పాటు ఉంది గానీ మెనూలో ఎక్కడో అడుగున ఉంది, ప్రతి శబ్దానికీ విడిగా పెట్టుకోవాలి. ప్లాస్టిక్‌దానిలో హెడ్‌ఫోన్స్ దోపగానే దానంతటదే వస్తుంది. ప్రభుదాసు దానిమీద వాయించడం మొదలుపెట్టి కాఫీ చల్లారిపోయినా ఆపలేదు. ఇనుపదాన్ని చూసి, “పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నా” అన్నాడు.

చిన్నదే తెప్పిద్దామని రాసి ఇచ్చాను. ఈ బొమ్మ ఎవరు కొంటారని ముదీర్ విసుక్కున్నాడు. హెడ్‌ఫోన్స్ ఇచ్చి రెండూ వినిపించాక ఒప్పుకున్నాడు గానీ, పూచీ నీదే అని మరీ సంతకం చేశాడు.

ఈద్ అయింది, సరుకు వచ్చింది, షోరూములో ఆంప్లిఫైయర్లు మళ్ళీ మోగాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాది ఇంట గెలిచి రచ్చలో బోర్లా పడింది. పెద్ద ఆంప్లిఫైయర్‌కు కలిపితే ఆ చిన్న పెట్టె పీలగా మోగింది. వచ్చినవాళ్ళు విని, పెదవి విరిచి, ఇనుపది అమ్మే పక్క దుకాణానికి పోయేవారు. ముదీర్ నన్ను చూసినప్పుడల్లా జెబెల్ అలీలో చల్లగాలి బాగుంటుందనేవాడు. నాకు అన్నం సహించేది కాదు. ఆ కుర్రాణ్ణి కూడా ముంచేశానే అన్న బాధ దానికి తోడు.

ఒక ఉదయం ఆలోచిస్తే పొరపాటు ఎక్కడుందో తెలిసింది. మేము రంజాన్ నెల చెవులతో ఎంచుకున్నదాన్ని ఈద్ తర్వాత చెవులకు అమ్ముతున్నాం. వెంటనే ఆంప్లిఫైయర్ తీయించేశాను. దాని స్థానంలో ఒక మడతకుర్చీ, చిన్న బల్ల, పాత కంప్యూటర్, హెడ్‌ఫోన్స్ పెట్టాం. సంగీతం అమ్మే చోట చప్పుడు లేకపోవడమేమిటని ముదీర్ అరవబోయాడు. వారం రోజులు గడువు అడిగాను.

మొదటి గిరాకీ ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్ వైపు మనిషి. భార్య పక్కనే సంచులు పట్టుకుని నిలబడింది. ఆయన కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. ఆమె కాసేపు చూసి, చూసి, ఆయన భుజం తట్టింది.

“ఇంకా షురూ చెయ్యలేదా?”

ఆయన హెడ్‌ఫోన్స్ ఒక పక్కకు జరిపి, “నాలుగు పాటలు అయిపోయినయ్” అన్నాడు.

“అయితే తీస్కోండి, ఇంకేం చూస్తరు!” అంది ఆమె.

బల్ల వెనక ప్రభుదాసు నవ్వు ఆపుకోలేక కిందికి వంగిపోయాడు. ఆ రోజు నుంచి గిరాకీతోపాటు వచ్చినవాళ్ళకు పక్కనే ఇంకో కుర్చీ వేశాం. సేల్ ముగిసేలోపే రెండో ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. మా విభాగం మిగిలింది. జెబెల్ అలీకి వెళ్ళాం గానీ, ఆ సరుకు దింపించుకోవడానికి వెళ్ళాం.

తర్వాత రిటైరయ్యేదాకా చాలా పరికరాలు పరీక్షించాను. ఇంట్లో వాడుకునే వస్తువును ఇంట్లో పెట్టే పరీక్షించాలని, ఇంట్లోలాగా కూర్చోబెట్టే అమ్మాలని ఆ పెడల్ నేర్పింది. వాడేవాడికి ఎలా వినిపిస్తుందో చూశాక, పక్కవాళ్ళకు ఎంత వినిపిస్తుందో కూడా చూసేవాణ్ణి. కొనాలా వద్దా అని చివరిమాట చెప్పేది ఎక్కువసార్లు ఆ పక్కవాళ్ళే.