అవ్వ పెట్టె కోసం తెచ్చిన బర్మా టేకు

ఆ రోజుల్లో నా మాట ఎవరూ వినకపోతే చిన్నవాణ్ణని ఊరుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నేనే పెద్దవాణ్ణి, అయినా ఈ సంగతి ఎత్తగానే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. అందుకే రాస్తున్నాను.

మొయినాబాద్‌లో ఒక సేటు కలప అడితిలో నాకు కొలువు. రంగూన్ నుంచి ఓడల మీద మద్రాసులో దిగిన టేకు రైలెక్కి నిజాం ఉండే పట్నం వచ్చేది, అక్కడి నుంచి బండ్ల మీద మా దగ్గరికి. రేవులో ముందు ఇంగ్లీషువాళ్ల ఇలాఖా, అంటే వాళ్ల రాజ్యం, ఏరుకునేది, మిగిలింది మన నిజాం రాజ్యానికి. నేను చేరిన కొత్తలో పట్నంలో బంగళాలు లేస్తుండేవి కాబట్టి మనకొచ్చే సరుకు ఏటేటా పెరిగింది, వాళ్ల దిక్కు మందగించింది. యుద్ధం మొదలయ్యాక ఫౌజు కోసమని వాళ్లే అంతా లాక్కున్నారు, మనకు పేళ్లు మిగిలాయి. ఇంక కొన్నాళ్లకు ఆ పేళ్లు కూడా రావని నేను చెప్పాను. (బర్మా ముచ్చట నీకు చేవెళ్ల సంతలో చెప్పిన్రా అని సేటు నవ్వాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు.)

నా ఆత్రమంతా మా అవ్వ కోసం. మేం క్రైస్తవులం. తాతను చాపలో చుట్టి మట్టిలో పెట్టారని ఆమెకు తీరని దిగులు. "నన్ను మాత్రం టేకు పెట్టెల పండవెట్టు బిడ్డా" అని చెయ్యి పట్టుకుని అడిగింది. సరేనన్నాను. అయితే మనిషి బతికుండగా పెట్టె కట్టె ఇంట్లోకి తేవడమంటే చావును పిలవడమేనని మా వాళ్ల నమ్మకం. అందుకని ఆఖరు బండిలో దిగిన మంచి పలకలను జీతం కింద తీసుకుని, తలుపుకని చెప్పి చేవెళ్లలో మేమంతా ఉండే పెద్దబాపు ఇంట్లో దించాను. (తమ్ముడైన మా బాపు పోయాక మమ్మల్ని సాకింది ఆయనే. ఆ సంగతి రోజూ చెప్పేవాడు.) అవ్వకు మాత్రం చెవిలో అసలు మాట చెప్పాను. ఆమె పలకలను తడిమి, మంచిగున్నయి అన్నది.

నేను అడితిలో ఉండగా పెద్దబాపు వడ్లాయనను పిలిపించి, వాటితో నిజంగానే తలుపు చేయించాడు. అవ్వ బతికుండగా అది పెట్టె కట్టె అని ఇంట్లో అనలేకపోయాను. అంతలో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నారు. అప్పుడు రెండు రాజ్యాలూ సమానమయ్యాయి, ఇద్దరికీ ఒక్క దుంగ రాలేదు. నా మాట నిజమైందని ఒప్పుకోవడానికి సేటు కూడా లేడు, అడితి మూసి వెళ్లిపోయాడు. ఆ ఏడు చలికాలంలో అవ్వ పోయింది.

తలుపు ఊడదీయమన్నాను.

"తలుపు తీస్తే ఇంట్లకు కుక్కలొస్తయి. సచ్చినామెకు ఏ కట్టె అయితేంది" అన్నాడు పెద్దబాపు, చుట్ట ఆర్పకుండానే.

"బతికున్నప్పుడు అడిగింది గద, పెద్దబాపు."

"నాకైతే నువ్వు తలుపుకనే చెప్పినవ్."

(ఆ మాట నిజమే, నా కోపమంతా అదే.) మామిడి చెక్కతో పెట్టె చేశారు. పచ్చి చెక్క, మోస్తుంటే దారి పొడుగునా కిర్రుమంది. పాస్టరుగారు నడుమ నడుమ ప్రార్థన ఆపి అనుమానంగా వెనక్కి చూశారు. అవ్వ తనకిచ్చిన మాట అడుగుతున్నదని నేను గట్టిగానే అన్నాను. పెట్టె మోసేవాళ్లలో ఒకరు నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దబాపు మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఏ రాజ్యానికి ఎంత టేకు వచ్చిందో గుక్కతిప్పుకోకుండా చెప్పిన ఆ పడుచువాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఓడలు ఎటు పోతాయో తెలిసిందిగాని, ఇంట్లో దించిన పలకలు ఎటు పోతాయో పాపం వాడికి తెలియలేదు. ఆ రెండు రాజ్యాలూ పోయాయి. పెద్దబాపూ పోయాడు. తలుపు నిలిచే ఉన్నది. తమ్ముడూ, పెద్దబాపు కొడుకువు కాబట్టి ఇప్పుడు దానికి గొళ్లెం పెట్టుకునేది నువ్వు. అది ఎవరిదో ఒక్కసారి నీ నోటితో చెప్పు.