కొబ్బరికాయ కొట్టినాక విప్పిన తాడు

నేను పుట్టింది యాడికి అనే ఊరి దగ్గర. మా నాయన బండల క్వారీలో క్రేను మీద పనిచేసేవాడు. కథ చెప్పు నాయనా అంటే ఇనుపతాడు గురించి చెప్పేవాడు మహానుభావుడు! సన్న తీగలు మెలేస్తే ఒక పేట, అట్లాంటి ఆరు పేటలు నడుమ నార పెట్టి దాని చుట్టూ మెలేస్తే తాడు. ఆ నార నూనె పీల్చుకుని లోపల తీగలు తుప్పు పట్టకుండా చూస్తాదంట. నా జడ అల్లేటప్పుడు కూడా ఇదే పాఠం. అప్పుడు భలే విసుగొచ్చేది.

పోయిన ఎండాకాలం మా చీనీతోటలో, బత్తాయి అంటారే అదే, బోరు లోపలుండే మోటారు కాలిపాయ. మాకుండే మూడు బోర్లలో నీళ్ళుండేది అదొక్కదాంట్లోనే. చెట్ల నిండా కాయలు. మోటారు ఎత్తేవాళ్ళు జీపులో వచ్చి, మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, కప్పీ మీద ఇనుపతాడు ఏసినారు. ఆ తాడు జారి మోటారు అడుక్కి పడిందంటే బోరు పోయినట్టే, తోట ఎండినట్టే.

నేను మజ్జిగ తీసుకుపోయేసరికి మా ఆయన కొబ్బరికాయ కొట్టి హారతి ఇస్తాండాడు. నా చూపు తాడు చివరకు పాయ. కొసను మడిచి మూడు క్లాంపులు బిగించినారు. క్లాంపుకు వంకర బోల్టొకటి, చదును దిమ్మొకటి ఉంటాయి. బరువు మోసే తాడు దిమ్మలో కూర్చోవాల, బోల్టు మిగిలిన కొసను నొక్కాల, లేకుంటే బరువు మోసే తీగలే నలుగుతాయని నాయన చెప్పేవాడు. వీళ్ళు తిరగేసినారు.

"ఆపండప్పా! ఆ క్లాంపులు విప్పండి!" అని అరిస్తి.

"ఏమమ్మా, కాయ కొట్టినాక ఎవరైనా విప్పుతారా? అరిష్టం" అన్నాడు వాళ్ళ మేస్త్రీ.

"నువ్వు ఊరుకోవే, మగోళ్ళ పని ఇది" అన్నాడు మా ఆయన, అందరి ముందర. నాకు ఒళ్ళు మండిపాయ.

"అరిష్టం ఆ క్లాంపుల్లోనే ఉండాది! ఇంట్లో ఇంకా మూడు కాయలుండాయి, క్లాంపుకొకటి కొడతా. ముందు విప్పు!"

అందరూ పకపకా నవ్విరి. మేస్త్రీ కూడా నవ్వుతానే విప్పినాడు. బోల్టు పడిన చోట తీగలు నలిగి, రెండు తెగిపోయి ఉండాయి. ఆయప్ప నవ్వు ఆగిపాయ. ఆ ముక్క కోసి పారేసి, నేను చెప్పినట్టే మళ్ళీ బిగించినాడు. నేను మూడు కాయలూ కొడితి.

మోటారుకు తగిలించిన పైపులు సగం పైకొచ్చినాక, మోటారు బోరులో యాడో పట్టేసింది. తాడు బిగుసుకుని కిర్రుమంటాంటే నేను క్లాంపులనే చూస్తా నిలబడితి. అవి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కాసేపటికి పట్టు విడిచి, బురద పూసుకుని మోటారు పైకొచ్చింది. అబ్బ, ఆ కేకలు, ఆ ఈలలు!

మూడో దినం మోటారు బాగుచేసి దించినారు. మధ్యాహ్నానికి చెట్లకు నీళ్ళు పారినాయి. మా ఆయన కాలవలో దిగి దోసిలి పట్టినాడు, తాగుతాడేమో అనుకుంటి. ఆయన వచ్చి ఆ నీళ్ళు నా కాళ్ళ మీద పోసినాడు, మేస్త్రీ వాళ్ళంతా చూస్తాండంగానే! సిగ్గుతో చచ్చిపోతి గానీ, కాళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలేదు.