తిట్టి కుట్టే ముత్యాలయ్య

కావలిలో మనుషులను తిట్టేవాళ్ళకు కొదవ లేదు గానీ, పుస్తకాలను తిట్టేవాడు మాత్రం బైండింగు ముత్యాలయ్య ఒక్కడే. చదవకుండా ఏ పుస్తకాన్నీ కుట్టి ఇవ్వడు. చదివాక తిట్టకుండా ఊరుకోడు. ఆ కేకలకు ట్రంకురోడ్డు మీద బస్సులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయట. వంటల పుస్తకం ఇస్తే, పులుసులో చింతపండు ఎంతో రాయలేదని రాసినావిడకు మూడు ఉత్తరాలు పడేశాడు. లెక్కల పుస్తకం ఇస్తే, ఒక కొళాయి ట్యాంకు నింపుతుంటే ఖాళీ చేసే రెండో కొళాయి తెరిచిపెట్టిన వెధవ ఎవడని లెక్కల మాస్టారి ఇంటికే పోయి నిలదీశాడు.

అలాంటి మనిషి చేతిలో అబిగయీలు అనే పిల్ల ఒక వీడియోగేము నవల పెట్టింది. ఫోన్లో ఆడుకునే ఆటను సైన్సు కథగా మార్చి తెలుగులో ఆరువందల పేజీలు అచ్చేసిన పుస్తకం. అట్ట ఊడి, పేజీలు వేలాడుతున్నాయి.

రెండు రోజులాగి ఆ పిల్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి ముత్యాలయ్య మొహం ఎండుమిరపకాయలా ఉంది.

"ఏందిమ్మే ఇది?" పుస్తకాన్ని బల్ల మీద దబ్బున కొట్టాడు. "హీరో నలభయ్యో పేజీలో చచ్చినాడు. యాభయ్యో పేజీలో లేచినాడు. మళ్ళా చచ్చినాడు! ఇప్పటికి ఏడుసార్లు చచ్చినాడే! ఏడుసార్లూ నేను బాధపడాల్నా?"

"బాధపడినావా తాతా?"

"మొదటిసారి పడినా. అదేగా నా కడుపుమంట!"

"గేమ్ కథ తాతా అది. ఆటలో చచ్చినా మళ్ళా మొదలుపెట్టొచ్చు."

"ఆడేవోడు బొత్తాం నొక్కుకుంటాడు. చదివేవోడు ఏం నొక్కాల? చుక్కల్లోకి అంత ఓడ పోతా ఉంది, దాంట్లో వంటగదే లేదు! మూడేండ్లు ఏం తిన్నారంట? ఇదొక పుస్తకమా? నేను కుట్టను, తీసకపో!"

అబిగయీలుకూ మండింది. వాళ్ళ నాన్న పేరు సమాధానం, రొయ్యల వ్యాను డ్రైవరు. ఐసు మీద జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇంకో నెల వెల్లకిలా కదలకుండా ఉండాలని, ఈలోపు లేస్తే జన్మలో స్టీరింగు పట్టలేడని డాక్టరు చెప్పేశాడు. ఫోన్లో ఆ ఆట ఆడీ ఆడీ కళ్ళు మండిపోతే సమాధానం ఈ నవల పట్టుకున్నాడు. అది చిరిగిన రోజు నుంచి వ్యాను తాళాలు తెమ్మని ఒకటే గోల.

"నీ మెప్పు కోసం తేలా నేను, కుట్టమని తెచ్చినా!" అని అరిచింది. "నిన్న నాన్న కాళ్ళు కిందబెట్టేసినాడు. నేనూ అమ్మా చెరో పక్క పట్టుకోని పడుకోబెట్టినాం. ఆ కథలో పడినోడు పడినట్టే లేస్తా ఉంటాడు. అది చదివితేనే మా నాన్న నిమ్మళంగా ఉంటాడు. నీకు పనికిరాకపోతే ఎవురికీ పనికిరాదా?"

ముత్యాలయ్య ఆగాడు. కోపం తగ్గిందేమో అనుకుంది అబిగయీలు. తగ్గలేదు.

"ఇంతకీ ఎట్ట చింపినాడు ఆ మహానుభావుడు?"

"పడుకోని ఎత్తి పట్టుకుంటే బరువుకు జారి మొహాన పడతా ఉంది. ముక్కు వాచిపోయింది."

"పడాల! ఇట్టాంటివి చదివేవోళ్ళ ముక్కుల మీద ఇంకా గట్టిగా పడాల! రేపు సాయంత్రం రా, పో!"

మర్నాడు బల్ల మీద మూడు సన్నటి పుస్తకాలున్నాయి. అబిగయీలు ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చింది.

"నా బుక్కును ముక్కలు చేసినావా!"

"అరవబాకు. పట్టుకో."

పట్టుకుంది. అప్పడమంత తేలిక. అట్టకు మెత్తటి గుడ్డ, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఒంటిచేత్తో తెరిచినా పేజీ మూసుకోకుండా చదునుగా నిలిచింది.

"ఇప్పుడు ముక్కు మీద పడినా ఈగ వాలినట్టుంటది," అని కసిరాడు ముత్యాలయ్య. "వ్యాను ఎక్కితే మాత్రం నేనే వచ్చి కొడతానని చెప్పు."

అబిగయీలు ఒక్కోటీ తిరగేసింది. మూడోదాని చివర చూసింది. నాలుగువందల యాభయ్యో పేజీ.

"మిగతాది యాడ తాతా?"

ముత్యాలయ్య జిగురు డబ్బా వైపు తిరిగాడు. "అది ఆరలా."

నాలుగో పుస్తకం అతని పక్కనే బోర్లించి ఉంది, పైన కళ్ళజోడుతో సహా. అబిగయీలు వేలు పెట్టి చూసింది.

"ఆరిపోయింది గదా!"

"ముట్టుకోబాకు!" ట్రంకురోడ్డు దద్దరిల్లేలా అరిచాడు. "ఎనిమిదోసారి చచ్చినాడు. లేస్తాడో లేదో చూసి ఇస్తా!"