చీమల పందిరి కింద పెళ్లిచూపులు

ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి అనే ఊళ్లో మేము రేకుల ఇంట్లో అద్దెకున్న రోజులవి. ఎండాకాలంలో ఒక ఆదివారం నాకు పెళ్లిచూపులు. వచ్చేవాళ్లకు ఇంట్లో ఉక్కపోస్తుందని నాన్న ముందురోజే భద్రాచలం అడవి పక్కనున్న చుట్టాల ఊరికి వెళ్లి, వెదురుబొంగులు, పచ్చి మామిడికొమ్మలు తెచ్చి వాకిట్లో పందిరి వేశాడు. "గీ పందిరి ముంగట ఫంక్షన్ హాల్ ఏం పనికొస్తది!" అని మురిసిపోయి, అందరినీ దాని కిందే కూర్చోబెట్టాడు.

నేను టీ తెచ్చేసరికి అబ్బాయి తండ్రి ఉన్నట్టుండి లేచి, మెడ చరుచుకుంటూ గంతులేశారు. కొమ్మల్లో ఎర్రచీమల గూడు! చీమలు జలజలా రాలుతుంటే ఆయన చొక్కా విప్పేశారు. అబ్బాయి తల్లి కొంగు దులుపుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. సంబంధం చెడిందని నాన్న ముఖం పాలిపోయింది.

అప్పటిదాకా నాన్నను "సార్" అన్న అబ్బాయి, ఆ కొమ్మ లాగి అవతల పడేసి, "కట్టేముందు దులపాలె గద మామా!" అన్నాడు.

అందరూ అబ్బాయివైపు చూశారు. అతను సిగ్గుతో చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఇంక మనం అడిగేదేముంది, వీడే ఖాయం చేసిండు!" అని వాళ్ల నాన్న చొక్కా లేకుండానే నవ్వారు.

మొన్న మా అమ్మాయి పెళ్లిచూపులకు మావారు వాకిట్లో పందిరి వేస్తూ కొమ్మకొమ్మనూ దులుపుతున్నారు. పక్కన కుర్చీలోంచి నాన్న కేకేశాడు: "గట్ల దులపకు అల్లుడా! చీమలుంటెనే సంబంధం కుదుర్తది."